లైను ఆపే చెయ్యి ఎవరిది?

మా విచారణలో ప్రతి ఏటా మే 1వ తేదీన, శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగనాడు, పనిముట్లను ఆశీర్వదించే అలవాటు ఉన్నది. 12వ పయస్ పోపుగారు 1955లో ఈ పండుగను నెలకొల్పిన సంగతి మీలో చాలామందికి తెలిసిందే. ఆనాడు దివ్యబలిపూజలో కానుకల వేళకు తాపీమేస్త్రీలు తాపీ, రసమట్టం తెస్తారు. వడ్రంగులు ఉలి, చిత్రిక తెస్తారు. బట్టలు కుట్టే అక్కలు కత్తెర, ఆటో నడిపేవారు తాళంచెవి తెస్తారు. ఈసారి ఆ వరుసలో ఒక కుర్రవాడు సెల్‌ఫోను తెచ్చి తాపీ పక్కన పెట్టాడు. వెనుక బల్లల్లో కొందరు నవ్వారు.

పూజ అయ్యాక వాళ్ళమ్మ వసారాలోకి వచ్చి, "ఏమనుకోకండి ఫాదరుగారూ, వద్దురా అంటే వినలేదు" అన్నది. కుర్రవాడు ఊరుకోలేదు. "నా పనిముట్టు ఇదే ఫాదర్. ఇంకేం తెమ్మంటారు?" అన్నాడు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు చదివి, మోటారు విడిభాగాలు చేసే కంపెనీలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. అక్కడ యంత్రం వేడెక్కితే ఫోనుకు కబురు వస్తుంది. ఇనుము కోసే పళ్ళు అరిగితే కబురు వస్తుంది. పెట్టెలో బోల్టులు అయిపోవస్తుంటే కూడా కబురు వస్తుంది. ఇదంతా విని తల్లి అడిగింది: "అన్నీ ఆ మిషన్లే చెప్పుకుంటే మధ్యలో వీడెందుకు ఫాదరుగారూ? ఎన్నాళ్ళు ఉంచుకుంటారు వీణ్ణి?"

ఆ రోజు ఎండలో నిలబడి రెండు ముక్కలు చెప్పి పంపించాను. మిగిలిన బాకీ ఈ పుటలో తీర్చుకుంటున్నాను. అలాంటి కొడుకులు, కూతుళ్ళు ఉన్న ఇళ్ళు మన మేత్రాసనంలో ఒకటీ రెండూ కావు. పెనుకొండ దగ్గర 2019లో మొదలైన కియా కార్ల కర్మాగారంలో రేకులు అతికే పని మరమనుషులు చేస్తున్నాయి. శ్రీసిటీలోనూ, హైదరాబాదు చుట్టుపక్కలా మన పిల్లలు ఇటువంటి లైన్ల మీదనే నిలబడుతున్నారు.

ముందు అక్కడ జరుగుతున్నదేమిటో తెలుసుకుందాం. నా చిన్నతనంలో రైసుమిల్లు ఇంజను డ్రైవరు ఒక పెద్ద స్క్రూడ్రైవరు కొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని వినేవాడు. కాసేపు విని, "ఇది ఇంకో పది రోజులు ఆడుతుంది, ఈలోగా కొత్తది తెప్పించండి" అని షావుకారుతో చెప్పేవాడు. సాధారణంగా ఆ మాట తప్పేది కాదు. ఈనాటి తెలివైన కర్మాగారం చేస్తున్నది ముప్పాతిక మూడు వంతులు ఆ డ్రైవరు చేసిన పనే. బేరింగు మీద అగ్గిపెట్టెంత సెన్సారు ఒకటి బిగిస్తారు. అది యంత్రపు అదురును సెకనుకు వేలసార్లు కొలుస్తుంది. లోపలి గుండు మీద చిన్న గుంట పడినా అదురు తీరు మారుతుంది. కంప్యూటరు దానిని పాత లెక్కలతో పోల్చి, ఫలానా రోజులలోగా ఇది పోతుందని చెబుతుంది. అలాగే నూనె వేడి, గాలి ఒత్తిడి, మోటారు తాగే కరెంటు, వస్తువు మీది గీతలు, అన్నిటికీ ఒక్కొక్క సెన్సారు. యంత్రానికి పెట్టిన చెవి, చర్మం, కన్ను అనుకోండి. ఇవి చెప్పిన మాటలన్నీ మన ఐ.టి.ఐ. పిల్లలు పి.ఎల్.సి. అని పిలిచే నియంత్రణ పెట్టెకు, అక్కడినుండి పెద్ద కంప్యూటరుకు చేరతాయి. పెద్ద కంపెనీలలో కర్మాగారం మొత్తానికీ కంప్యూటరులో ఒక కవల ఉంటుంది. లైను మార్చాలంటే మొదట ఆ కవల మీద మార్చి చూసి, తరువాత నిజమైన ఇనుము మీద చెయ్యి వేస్తారు.

ఇది ఒక్క రాత్రిలో ఊడిపడినది కాదు. కర్మాగారంలో మొదటి మరమనిషి 1961లోనే అమెరికాలో, జనరల్ మోటార్స్ వారి న్యూజెర్సీ ప్లాంటులో, కాలుతున్న లోహపు ముక్కలను ఎత్తే పనికి కుదురుకున్నది. కారు మోడలు మారినప్పుడల్లా గోడనిండా ఉన్న రిలేలకు తీగలు విప్పి మళ్ళీ కట్టవలసి వచ్చేది. ఆ బాధ తప్పించేందుకు 1968లో డిక్ మోర్లీ అనే ఇంజనీరు పి.ఎల్.సి.ని ఊహించాడు. 2011లో జర్మనీలోని హానోవర్ సంతలో దీనికంతటికీ ఇండస్ట్రీ 4.0 అని పేరు పెట్టారు. ఆవిరి, విద్యుత్తు, కంప్యూటరు తరువాత నాలుగవ మలుపు అని ఆ అంకెకు అర్థం.

జర్మనీ మాట వచ్చింది గనుక ఆంబెర్గ్ సంగతి చెబుతాను. ఇది బవేరియాలో, రేగెన్స్‌బర్గ్ మేత్రాసనంలో ఉన్న చిన్న పట్టణం. ఊరి పక్క కొండమీద మరియమాత సహాయం అనే పేరుతో ఒక పుణ్యక్షేత్రం ఉన్నది. 1634లో ప్లేగు తగిలినప్పుడు ఊరివారు మొక్కుకొని కట్టించిన గుడి దానికి మొదలు. కొండ కింద పూర్వం ఇనుపరాయి తవ్వి బ్రతికేవారు. ఈనాడు అక్కడ సీమెన్స్ సంస్థ ఎలక్ట్రానిక్ కర్మాగారం ఉన్నది. ఇందాక చెప్పిన పి.ఎల్.సి. పెట్టెలు అక్కడే తయారవుతాయి. ఆ పెట్టెలు చేసే యంత్రాలను నడిపేది కూడా అక్కడ తయారైన పెట్టెలే.

ఆ కర్మాగారం 1989 ప్రాంతంలో మొదలైంది. విస్తీర్ణం సుమారు పదివేల చదరపు మీటర్లు, పనివారు సుమారు 1,200 మంది. పాతికేళ్ళ తరువాత చూస్తే స్థలం అంతే, మనుషులు దాదాపు అంతే. తయారయ్యే సరుకు మాత్రం ఎనిమిది రెట్లయింది, సెకనుకు ఒక పెట్టె చొప్పున. మొదట్లో పది లక్షల పనులలో 500 తప్పులు దొర్లేవట. తరువాత అవి పన్నెండుకు దిగాయి. ఇవి కంపెనీవారు చెప్పుకున్న లెక్కలు, పొగడ్త పాలు కాస్త తీసివేసి చదవండి. పనిలో నాలుగింట మూడు వంతులు యంత్రాలే చేస్తాయి. ప్రతి పలకకూ ఒక గుర్తు ఉంటుంది. తనకు ఏ భాగం, ఎక్కడ అతకాలో ఆ గుర్తు ద్వారా పలకే యంత్రానికి చెబుతుంది.

నన్ను ఆపినది మాత్రం వేరొక లెక్క. 2014 ప్రాంతంలో అక్కడి అధికారులు చెప్పినదాని ప్రకారం, ప్రతి సంవత్సరం పెరిగే ఉత్పాదకతలో సుమారు 40 శాతం కొత్త యంత్రాల వలన వచ్చినది కాదు, పనివారు ఇచ్చిన సూచనల వలన వచ్చినది. ఇక్కడ ఆలస్యమవుతున్నది, ఈ బల్ల ఆ పక్కకు జరపండి, ఈ కొలత తప్పు చెబుతున్నది అని పనివాడు చెబుతాడు. దానిని విని, అమలు చేసి, బహుమానం ఇస్తారు. ప్రపంచంలో అంతగా కంప్యూటరు నిండిన కర్మాగారాలు కొద్దిగానే ఉంటాయి. అలాంటిచోట కూడా తెలిసినవాడు మనిషే అని ఒప్పుకున్నారు. మన రైసుమిల్లు డ్రైవరు చెవిని యంత్రానికి ఇచ్చారు గాని, అతని నోరు మూయించలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ 'రాజనీతి'లో ఒక చిత్రమైన ఊహ చదువుకున్నాం. మగ్గపు నాడె తనంతట తానే నేసేటట్లయితే యజమానులకు బానిసలతో పని ఉండదని ఆయన భావం. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆయన దృష్టిలో బానిస ప్రాణమున్న పనిముట్టు. పనిముట్టుకు తెలివి వస్తే ప్రాణమున్న పనిముట్టు అనవసరం. ఈ తర్కానికి ఎక్కడా పగులు లేదు. వసారాలో నిలబడి ఆ తల్లి అడిగిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. నా కొడుకు పనిముట్టే అయితే, అంతకంటె మంచి పనిముట్టు వచ్చినరోజున వాడిని తీసి పక్కన పెడతారు గదా?

పెడతారు. కొడుకు పనిముట్టు అని ఒప్పుకుంటే ఆ తరువాత వాదించడానికేమీ మిగలదు. అందుకే తిరుసభ ఆ మొదటి మెట్టు దగ్గరే కాదంటుంది. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1981 సెప్టెంబరు 14న 'లబోరెమ్ ఎగ్జెర్చెన్స్' అనే విశ్వలేఖ వెలువరించారు. 13వ లియో పోపుగారు కార్మికుల గురించి 1891లో వ్రాసిన 'రేరుమ్ నోవారుమ్' విశ్వలేఖకు 90 ఏళ్ళు నిండిన సందర్భంగా అది మే నెలలోనే రావలసింది. మే 13న ఆయనపై కాల్పులు జరగడంతో ఆగిపోయింది. వ్రాసినది ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. యుద్ధకాలంలో ఆయన క్రాకోవు దగ్గర రాతిగనిలో రాయి కొట్టాడు. ఆ తరువాత సోల్వే రసాయన కర్మాగారంలో నీటిని శుద్ధిచేసే విభాగంలో పనిచేశాడు. షిఫ్టు అంటే ఏమిటో ఒంటితో తెలిసినవాడు.

ఆ విశ్వలేఖలో పనికి రెండు ముఖాలు చూపించారు. ఒకటి బయటి ముఖం: ఏమి తయారైంది, ఏ యంత్రంతో, ఎంత వేగంగా. రెండవది లోపలి ముఖం: ఆ పని చేస్తున్నది ఎవరు, చేస్తూ ఆ మనిషి ఏమవుతున్నాడు. పనికి విలువ రెండవదాని నుండి వస్తుందని ఆయన బోధన. యంత్రవిద్య మనిషికి మిత్రమే. అయితే పని చేయడంలోని తృప్తినీ, చొరవనూ, బాధ్యతనూ మనిషి నుండి లాగివేసినప్పుడు ఆ మిత్రమే శత్రువు కాగలదని హెచ్చరించారు. బాధ్యత అనే మాటను గమనించండి. అక్కడే ఉన్నది కీలకం. చెమట తగ్గడం తప్పు కాదు. కాలుతున్న లోహాన్ని మనిషికి బదులు మరమనిషి ఎత్తితే దేవునికి స్తోత్రం. ఒక యంత్రం ముందు ఎనిమిది గంటలు నిలబడిన మనిషికి 'ఇది తప్పుగా పోతున్నది, ఆపుతున్నాను' అనే అధికారం ఉన్నదా లేదా? అతను పనికి కర్తా, పనిముట్టా అన్నది అక్కడ తేలుతుంది.

జపానులో ఈ సంగతిని ఒక వడ్రంగి కొడుకు వేరే దారిన పట్టుకున్నాడు. సాకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం దారం తెగితే తనంతట తానే ఆగిపోతుంది. తెగిన దారంతో గజాలకొద్దీ చెడిన గుడ్డ నేయడం కంటె ఆగడమే మేలు. ఆయన కొడుకు స్థాపించిన కార్ల కంపెనీలో అదే సూత్రం మనుషులకు వర్తింపజేశారు. లైను పొడవునా ఒక తాడు కట్టారు. బోల్టు బిగించే అతి సామాన్యుడు కూడా లోపం కనబడితే తాడు లాగవచ్చు. దీపం వెలుగుతుంది, జట్టు నాయకుడు పరుగెత్తుకొస్తాడు, ఆలోగా సరికాకపోతే లైను ఆగుతుంది. లాగినవాడిని తిట్టకూడదన్నది నియమం. ఈ నియమం లేకపోతే తాడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆపవలసిన చెయ్యి ఆపకపోతే ఏమవుతుందో మనవాళ్ళు చూశారు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి పొంగి ఊరిమీద పడింది. పన్నెండుమంది చనిపోయారు. నిద్రలోనుండి లేచి పరుగెత్తుతూ రోడ్డు మీద పడిపోయినవారిని టీవీలో చూసి ఆ రోజు నేను పూజలో మాట రాక ఆగిపోయాను. లాక్‌డౌన్ వలన వారాల తరబడి సరుకు ట్యాంకులో కదలకుండా నిలిచి ఉన్నది. స్టైరీన్ నిలువ ఉంటే లోలోపల గడ్డకడుతూ వేడిని పుట్టిస్తుంది, వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం చూస్తే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉన్నది. పైన మరుగుతున్నా కింద చల్లగానే చూపుతుంది. ఆవరణలో ప్రమాద హెచ్చరిక మోగించే మీటలు అనేకచోట్ల ఉన్నా ఆ రాత్రి సైరను మోగలేదు.

ఈ రెండు తప్పులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది యంత్రపు తప్పు: చెవి పెట్టవలసినచోట పెట్టలేదు. దీనికి మందు ఇంకా సెన్సార్లు, ఇంకా మంచి సెన్సార్లు. ఈ విషయంలో కొత్త సాంకేతిక విద్యను నేను చేతులెత్తి ఆహ్వానిస్తాను. సరైనచోట పెట్టిన ఒక సెన్సారు వెంకటాపురంలో ప్రాణాలు నిలిపి ఉండేది. రెండవది వేరు. మీట ఉన్నది, మనిషి ఉన్నాడు, మోత లేదు. ఇంకో వెయ్యి సెన్సార్లు పెట్టినా ఈ రెండవ తప్పు సరికాదు.

అదే సెన్సారును యంత్రానికి బదులు మనిషికి తగిలించడం కూడా మొదలైంది. కెమెరా పనివాని చేతుల కదలికను లెక్కపెడుతుంది, ఎన్ని సెకన్లు ఆగాడో వ్రాసుకుంటుంది. 2025 జనవరి 28న వాటికన్ కృత్రిమ మేధస్సు గురించి వెలువరించిన 'ఆంతిక్వా ఎత్ నోవా' పత్రం ఈ బెడదను పేరుపెట్టి చెప్పింది: కార్మికుని నైపుణ్యం ఊడిపోవడం, యంత్రం చేత నిఘా, తిరిగి తిరిగి చేసే పనికి అతన్ని కట్టివేయడం. అదే ఏడాది మే 8న ఎన్నికైన పోపుగారు రెండు రోజుల తరువాత కార్డినళ్ళతో మాట్లాడుతూ, తాను లియో అనే పేరు ఎందుకు ఎంచుకున్నారో చెప్పారు. 13వ లియో తన కాలపు పారిశ్రామిక విప్లవాన్ని ఎదుర్కొన్నట్లే, ఇప్పుడు మరొక విప్లవం, కృత్రిమ మేధస్సు మన ముందున్నాయని ఆయన మాట. ఒక పోపుగారు తన పేరులోనే కార్మికుల సమస్యను ధరించడం చిన్న విషయం కాదు.

తల్లి అడిగిన రెండవ మాట, ఎన్నాళ్ళు ఉంచుకుంటారన్నది, దాటవేయడం న్యాయం కాదు. కొన్ని పనులు పోతాయి. కంటితో చూసి మంచీచెడూ వేరుచేసే పని, ట్రాలీ తోసే పని, రిజిస్టరులో అంకెలు ఎక్కించే పని ఇప్పటికే తగ్గుతున్నాయి. అలాగని అన్నీ పోతాయని బెదిరిపోనక్కరలేదు. అమెరికాలో టెస్లా కంపెనీ మనుషులను తగ్గించి కార్లు చేయబోయి లైను చిక్కుపడి, అతిగా యంత్రాలు పెట్టడం తప్పేనని దాని యజమాని 2018లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. యంత్రం ఎందుకు ఆగిందో తెలిసినవాడికి గిరాకీ ఉంటుంది. కాబట్టి ఫిట్టరు చదివినవాడు విద్యుత్తు పని, పి.ఎల్.సి. పని కూడా నేర్చుకోవడం మంచిది. మన విచారణలలో పదవ తరగతి పాసైన పిల్లలను ఐ.టి.ఐ.కి పంపడం చిన్నతనంగా భావించే తల్లిదండ్రులు కొంచెం ఆలోచించాలి. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీసి కుమ్మరి, కమ్మరి గురించి చదవండి. వారు న్యాయపీఠం మీద కూర్చోరు గాని, వారు లేనిదే ఏ నగరమూ నిలువదని ఆ జ్ఞాని గ్రహించాడు.

కాంట్రాక్టు కుర్రవాడి చేతిలో ఏముందని మీరడగవచ్చు. అడగవలసినదే. రెండవ జాన్ పాల్ గారు అదే విశ్వలేఖలో పరోక్ష యజమాని అనే మాట వాడారు. జీతమిచ్చేవాడు ఒకడే యజమాని కాదు. చట్టాలు చేసే ప్రభుత్వం, పని పరిస్థితులను నిర్ణయించే వ్యవస్థలు కూడా యజమానులే, ఆ పాపపుణ్యాలలో పాలు వారికీ ఉన్నది. ఆరు నెలల కాగితం మీద పనిచేసే కుర్రవాడు తాడు లాగాలంటే, లాగిన మర్నాడు కూడా తనకు గేటు తెరుచుకుంటుందని అతనికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఇచ్చేది సెన్సారు కాదు.

ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చునే ముందు ఆ కుర్రవాడిని గురునివాసానికి పిలిపించాను. రాత్రి షిఫ్టు దిగి అలాగే వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి కూడా వెంట వచ్చింది. టీ తాగాక అడిగాను: "బాబూ, మీ లైను నువ్వు ఆపగలవా?"

"ఎర్ర బటను ఉంది ఫాదర్. ఎవరైనా నొక్కొచ్చని బోర్డు కూడా ఉంది."

"ఎప్పుడైనా నొక్కావా?"

కొంచెంసేపు కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఒకసారి నొక్కాను. రాత్రి రెండున్నరకి. వైరు కాలిన వాసన వేసింది. ఫోన్లో చూస్తే అంతా పచ్చగానే ఉంది. అయినా నొక్కాను. పన్నెండు నిమిషాలు లైను ఆగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి అంతా వెతికాడు. ఏమీ దొరకలేదు."

"అప్పుడు?"

"సూపర్‌వైజరు అందరి ముందూ అరిచాడు. నీ ముక్కు గొప్పదా, సిస్టమ్ గొప్పదా అన్నాడు. ఆ నెల ఇన్సెంటివ్ రాలేదు."

వాళ్ళమ్మకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. "నాకు చెప్పలేదేంరా" అన్నది. వాడు జవాబివ్వలేదు.

"మళ్ళీ ఆ వాసన వస్తే?" అని అడిగాను.

వాడు నావైపు చూడలేదు, వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె చాలాసేపు కొంగు అంచు మడుస్తూ కూర్చుని, చివరికి, "నొక్కరా" అన్నది.